పాత ఫ్యూజు పెట్టెలో రాతినార

రాతి నుండి నార తీసి దారము వడికెదనని ఎవరైన పలికినచో వినువారు నవ్వుదురు. కాని అట్టి రాయి నిజముగనే భూమిలో కలదు. దానిని నలుగగొట్టి దువ్వినచో మెత్తని పోగులు విడివడును. ఆ పోగులను దూదివలె వడికి దారము చేయవచ్చును. ఆ దారముతో గుడ్డ నేయవచ్చును. ఆ గుడ్డను నిప్పులో వేసినను కాలదు. మనవారు దానికి రాతినార అని చక్కని పేరు పెట్టిరి. ఆస్బెస్టాస్ అను పేరు గ్రీకు భాష నుండి వచ్చినది. ఆ మాటకు ఆర్పరానిది అని అర్థము.

రాతినార మనకు పరదేశపు వస్తువు కాదు. కడప జిల్లాలోని పులివెందుల ప్రాంతమున దీనిని గనులలో త్రవ్వి తీసిరి. హైదరాబాదు ఆస్బెస్టాస్ సిమెంట్ ప్రొడక్ట్స్ అను సంస్థ 1946లో స్థాపితమై, సనత్‌నగరులోని కర్మాగారమున చార్మినార్ గుర్తుతో పైకప్పు రేకులను తయారుచేసినది. ఇంటిమీది సిమెంటు రేకులో రాతినార ఉన్నదని మన శ్రోతలలో పలువురు ఎరుగుదురు. అదే రాతినార పాత ఇస్త్రీ పెట్టెలోను, మెట్లక్రింది ఫ్యూజు పెట్టెలోను ఉండవచ్చునని ఎరిగినవారు కొలదిమంది. నేటి మా ప్రసంగము ఈ రెండవ రాతినారను గూర్చి. ముఖ్యముగా ఆ పెట్టెలను విప్పి, తుడిచి, బాగుచేయు పనివారిని గూర్చి.

మొన్న ఒకనాటి మధ్యాహ్నము మేము పంజగుట్ట చౌరస్తా నుండి అమీర్‌పేటకు నడచిపోవుచుంటిమి. నెత్తిమీద మెట్రో రైలు వంతెన, ఇరువైపుల దుకాణములు, వానిపై అంతస్తులలో చదువులు చెప్పు సంస్థల పలకలు. ఈ కొత్త హంగుల నడుమ పాత కట్టడములు ఇంకను కొన్ని నిలిచియున్నవి. ఒక్కొక్క నెల ఒక్కొక్కటి కూలుచున్నది. లేదా దాని లోపలి కరెంటు సామగ్రి యంతయు మారుచున్నది. అట్టి కట్టడము ఒకదాని మెట్లక్రింద ఒక మెకానిక్కు పాత మీటరు పెట్టెను తెరచి నిలుచున్నాడు. పదునెనిమిదేండ్ల శిష్యుడు ప్రక్కన దీపము పట్టుకొని యున్నాడు. మెకానిక్కు ఫ్యూజు పిడిని ఊడబెరికి, దానిలోని బూడిదరంగు దుమ్మును నోటితో ఉఫ్ఫని ఊదెను. దుమ్ము దీపపు వెలుగులో మెరసి శిష్యుని ముఖము మీదుగా పోయినది.

“అన్నా, అట్లు ఊదవచ్చునా? అది రాతినార కావచ్చును గదా!” అని మేము అడిగితిమి.

అతడు నవ్వి, “ముప్పై ఏండ్ల సంది ఊదుతున్న సార్, ఏం గాలె” అనెను.

ఈ సమాధానము అతనిది మాత్రమే కాదు. లోకమున రాతినారతో పనిచేసిన వారిలో ఎందరో ఈ మాటయే అనుకొనిరి. ముప్పది యేండ్లలో ఏమియు కాలేదనుట క్షేమమునకు సాక్ష్యము కాజాలదని చెప్పుటయే మా ఉద్దేశము. ఏల కాజాలదో తెలిసికొనుటకు ముందు, ఈ రాతినార కరెంటు సామానులోనికి ఎట్లు వచ్చినదో చూతము.

విద్యుత్తుతో పనిచేయువారికి రెండు చిక్కులు కలవు. మొదటిది వేడి. ఇస్త్రీ పెట్టెలో, పొయ్యిలో, నీళ్లు కాచు గీజరులో తీగ ఎర్రగ కాలును. దాని చుట్టును ఉండు వస్తువు కాలరాదు, కరగరాదు, వేడిని బయటికి పోనీయరాదు. రెండవది నిప్పురవ్వ. ఎక్కువ కరెంటు పారుచున్నపుడు స్విచ్చును విడదీసినచో రెండు లోహపు ముక్కల నడుమ మంట లేచును. దానిని ఆర్క్ అందురు. దాని వేడి కొన్ని వేల డిగ్రీలు. ఫ్యూజు తీగ తెగినపుడు కరగిన రాగి చింది చుట్టుప్రక్కల పడును. ఈ రెండు చిక్కులకును రాతినార తేరగా దొరకిన మందు వంటిదాయెను. అది కాలదు, వేడిని ఆపును, దారముగ, గుడ్డగ, కాగితముగ, అట్టగ, పలకగ ఏ రూపమున కావలెనన్న ఆ రూపమున ఒదుగును, ధరయు తక్కువ.

కనుక గడచిన శతాబ్దమున పలు దేశములలో తయారైన విద్యుత్ సామగ్రిలో దీనిని విరివిగా వాడిరి. పెద్ద స్విచ్చులలో ఆర్క్ ను చీల్చి చల్లార్చు పలకలు దీనితో చేసిరి. కొన్ని రకముల ఫ్యూజు పిడులలో తీగ క్రింద నేసిన రాతినార ముక్కను పెట్టిరి. స్విచ్చుబోర్డుల వెనుక దట్టమైన నల్లని పలకలు కొన్ని రాతినార కలిసినవే. పాత ఇస్త్రీ పెట్టెలో అభ్రకపు తీగచుట్ట మీద తెల్లని అట్ట యుండును; అది తరచుగా రాతినార అట్ట. పొయ్యిలకు, ఓవెనులకు పోవు తీగలపై రాతినార తొడుగు వేసిరి. కొన్ని మోటారుల వైండింగులలో అభ్రకము, గాజునారలతో పాటు రాతినారయు వాడబడినది. సినిమా స్టూడియోల పెద్ద దీపములకు, టాకీసుల ప్రొజెక్టరు దీపపు గూళ్లకు సంబంధించిన తీగలలోను ఇది యుండెడిది.

రేడియో కలిగిన మా శ్రోతలు తమ యింటి సంగతియు వినవలెను. పాత వాల్వు రేడియోలలో కొన్నింటికి, వాల్వుల వేడికి చెక్కపెట్టె మాడకుండుటకై, పైకప్పు లోపల రాతినార కాగితము అంటించిరి. కొన్ని చిన్న రేడియోలకు ప్లగ్గునుండి వచ్చు తీగలోనే వేడెక్కు తీగను రాతినార పోగుపై చుట్టిరి. ఇప్పుడు తాతగారి రేడియోను అలంకారమునకై మరల బాగుచేయించు ముచ్చట పెరిగినది. ఆ ముచ్చట మంచిదే. కాని పెట్టె తెరచి లోపలి తెల్లని పాత కాగితమును గోటితో గీకుట, బ్రష్షుతో తోముట మంచిది కాదు.

ఇచట ఒక మాట స్పష్టముగ చెప్పవలెను. రాతినార వస్తువు గోడమీద కదలక యున్నంతకాలము దానివలన భయము మిక్కిలి తక్కువ. ముట్టుకొన్నంత మాత్రమున రోగము రాదు. అపాయమంతయు దుమ్ములో కలదు. కోసినపుడు, రంధ్రము చేసినపుడు, విరిచినపుడు, గీకినపుడు, ఊదినపుడు పోగులు గాలిలో లేచును. వేడికి కాలి కాలి పెళుసైన పాత ముక్క మరింత సులువుగ రాలును. ఇంటివారు ఏడాదికొకమారు ఆ పెట్టెను తెరతురేమో. మెకానిక్కు దినమునకు పది పెట్టెలు తెరచును. కావున ఒకే వస్తువు ఇంటివానికి కొరగాని సంగతి, పనివానికి ప్రాణసంగతి.

ఆ పోగులు ఎంత సన్ననివి? మన తలవెంట్రుక మందము మిల్లీమీటరులో వేయింట సుమారు డెబ్బది వంతులు. ఊపిరితిత్తుల లోతునకు చేరు రాతినార పోగు మందము వేయింట మూడు వంతులకన్న తక్కువ. అది కంటికి కనబడదు. వాసన లేదు, దగ్గు పుట్టింపదు. కనబడు దుమ్ము నేలబడిన పిమ్మటను ఈ సన్నని పోగులు గంటలకొలది గాలిలో తేలుచుండును. పంఖా తిరుగుచున్నచో ఇక చెప్పనక్కరలేదు.

ఊపిరితిత్తుల చివర గాలి తిత్తులలో కావలి కణములు కలవు. సామాన్యమైన ధూళి వచ్చినచో అవి దానిని మ్రింగి బయటికి చేర్చును. రాతినార పోగు ఆ కణముకన్న పొడవైనది. కణము దానిని మ్రింగబోయి మ్రింగలేక తానే చచ్చును. చచ్చుచు విడిచిన ద్రవములు చుట్టుప్రక్కల మాంసమును నొప్పించును. పోగు మాత్రము అచటనే యుండును. అది రాయి గదా, కరగదు, కుళ్లదు. మరియొక కణము వచ్చును, అదియు చచ్చును. ఈ పోరు ఏండ్ల తరబడి సాగి, మెత్తని ఊపిరితిత్తి మచ్చలుపడి తోలువలె బిరుసెక్కును. దీనికి ఆస్బెస్టాసిస్ అని పేరు. మెట్లెక్కినపుడు ఆయాసము, పొడిదగ్గు, క్రమముగ కూర్చున్నను ఆయాసము దీని లక్షణములు. బిరుసెక్కిన ఊపిరితిత్తిని మరల మెత్తబరచు మందు లేదు. ఇదిగాక ఊపిరితిత్తుల క్యాన్సరును, ఊపిరితిత్తులను కప్పియుండు పొరకు వచ్చు మెసోథిలియోమా అను క్యాన్సరును రాతినార కలిగించును. తెలుపు, నీలము, గోధుమరంగు అని రాతినారలో రకములున్నను అన్నియు క్యాన్సరు కారకములే అని ప్రపంచ ఆరోగ్యసంస్థకు చెందిన క్యాన్సరు పరిశోధనా సంస్థ నిర్ణయించినది.

ఇప్పుడు మన మెకానిక్కు చెప్పిన ముప్పది యేండ్ల లెక్కకు వత్తము. ఈ రోగములు తొలిసారి పోగును పీల్చిన పిమ్మట సాధారణముగ ఇరువది నుండి నలుబది యేండ్లకు, ఒక్కొక్కప్పుడు అంతకు మించియు బయటపడును. ఇరువదియవ యేట పని నేర్చినవానికి అరువదియవ యేట ఆయాసము వచ్చినచో, దానిని ముసలితనమనియో, బీడీల దోషమనియో అందరు తలతురు. రోగమునకును పనికిని గల సంబంధము ఈ దీర్ఘకాలములో మరుగున పడిపోవును.

ఈ సంబంధమును లోకము కనుగొనుటకే చాల కాలము పట్టినది. ఇంగ్లండులోని రోచ్‌డేల్ పట్టణమున రాతినార మిల్లులో పనిచేసిన నెల్లీ కెర్షా అను యువతి 1924లో 33 ఏండ్ల వయసున మరణించినది. ఆమె ఊపిరితిత్తులను పరీక్షించిన డాక్టరు కుక్ ఈ రోగమును గూర్చి వైద్యపత్రికలో వ్రాసెను. 1927లో ఆస్బెస్టాసిస్ అను పేరును వాడెను. 1930లో ఇంగ్లండు ప్రభుత్వ తనిఖీ అధికారులు 363 మంది పనివారిని పరీక్షింపగా వారిలో నూటికి 26 మంది ఊపిరితిత్తులలో మచ్చలు కనబడినవి. మరుసటి యేడు అచట దుమ్మును అదుపుచేయు నిబంధనలు వచ్చినవి. 1960లో దక్షిణాఫ్రికాలో వాగ్నరు అను వైద్యుడును, ఆయన సహచరులును 33 మందిలో మెసోథిలియోమాను కనుగొనిరి; వారిలో అధికులు నీలి రాతినార గనుల ప్రాంతమునకు చెందినవారు. అందు కొందరు గనిలో దిగినవారు కారు. చిన్ననాట ఆ ప్రాంతమున పెరిగినవారు మాత్రమే.

1965లో లండనులో న్యూహౌస్, థామ్సన్ అనువారు చేసిన పరిశోధన గృహిణులు వినదగినది. రాతినార పని ఎన్నడును చేయని కొందరికి ఈ క్యాన్సరు వచ్చినది. విచారింపగా వారి యింట ఒకరు ఆ పని చేసినవారని తేలినది. భర్త పనిబట్టలను ఉతుకుటకు ముందు దులిపిన భార్యలు అందు కలరు.

మేము మిల్లులో పనిచేయలేదు, గనిలో పనిచేయలేదు, వైరింగు పని చేసినవారము అని ఎవరైన అనవచ్చును. దానికి 2009లో ఇంగ్లండున ప్రకటింపబడిన ఒక పరిశోధన జవాబు చెప్పుచున్నది. అచట 1940 దశకమున పుట్టి, ముప్పది యేండ్లు నిండకమునుపే పదియేండ్లకు మించి ఈ పనులు చేసిన వడ్రంగులలో పదునేడుగురికి ఒకరు, ఎలక్ట్రీషియనులు, నల్లాపనివారు, రంగులు వేయువారు కలిసి ఏబదిమందికి ఒకరు జీవితకాలములో మెసోథిలియోమా పాలగుదురని లెక్క తేలినది. వీరెవరును తమను రాతినార పనివారమని అనుకొన్నవారు కారు. ఇతరులు బిగించిన వస్తువును కోయుట, తొలుచుట, విప్పుటయే వారు చేసిన పని.

పొగాకు ఈ అపాయమును పెంచును. 1979లో అమెరికాలో ప్రకటించిన ఒక లెక్క ప్రకారము, ఊపిరితిత్తుల క్యాన్సరుచే మరణించు అపాయము రాతినార మాత్రమే సోకినవారికి 5 రెట్లు, పొగత్రాగువారికి 11 రెట్లు, రెండును కలిసినవారికి 50 రెట్లకు పైన. బీడీ త్రాగు మెకానిక్కు ఈ అంకెను గుర్తుంచుకొనవలెను. అతడు పీల్చిన పోగులను తీయు ఉపాయము లేదు. బీడీని మాన్పించు ఉపాయము అతని చేతిలోనే కలదు.

మన దేశమున ఈ విషయమై ఏమియు జరుగలేదని కాదు. అహమ్మదాబాదులోని జాతీయ వృత్త్యారోగ్య సంస్థ అహమ్మదాబాదు, హైదరాబాదు, కోయంబత్తూరు, బొంబాయి నగరములలోని నాలుగు రాతినార సిమెంటు కర్మాగారములను పరిశీలింపగా పనివారిలో నూటికి ముగ్గురు మొదలు ఐదుగురి వరకు ఆస్బెస్టాసిస్ కనబడినది. 1986లో రాతినార గనులకు కొత్త లీజులిచ్చుటను, 1993లో పాతవి పొడిగించుటను ప్రభుత్వము ఆపినది. 1995 జనవరిలో సుప్రీంకోర్టు రాతినార పనివారి విషయమున చరిత్రకెక్కిన తీర్పు నిచ్చినది. ఆరోగ్యము పనివాని జీవించు హక్కులో భాగమని అది చెప్పినది. ప్రతి పనివాని ఆరోగ్యపు చిట్టాను పనిలో చేరిననాటినుండి 40 ఏండ్లు, లేదా పని మానిన పిమ్మట 15 ఏండ్లు, ఏది ఆలస్యమైనచో అంతవరకు భద్రపరుపవలెనని ఆజ్ఞాపించినది. నలుబది యేండ్లు అనుటలోనే ఈ రోగపు స్వభావము తెలియుచున్నది.

ఇతర దేశములు మరింత ముందుకు పోయినవి. బ్రిటను 1985లో నీలి, గోధుమ రకములను, 1999లో తెల్ల రకమును నిషేధించినది. ఐరోపా సమాఖ్య 2005లోను, కెనడా 2018లోను నిషేధించినవి. అమెరికా 2024లో తెల్ల రకమును నిషేధించినది. మన దేశమున తెల్ల రాతినార నేటికిని దిగుమతి అగుచున్నది. అందు అధికభాగము సిమెంటు రేకులకు పోవుచున్నది. నిషేధము వచ్చినను రాకున్నను, ఇదివరకే గోడలలో, పెట్టెలలో బిగించిన రాతినార మాత్రము అచటనే యుండును. దానిని విప్పు పని ఇంకను ఎన్నో యేండ్లు సాగవలసినదే.

పెద్ద కర్మాగారమునకు తనిఖీ కలదు, వైద్యుడు కలడు, చిట్టా కలదు. అమీర్‌పేట సందులో ఇద్దరు ముగ్గురు పనిచేయు మరమ్మతు దుకాణమునకు ఇవి సాధారణముగ చేరవు. నేడు ఒక కట్టడమున, రేపు ఒక కట్టడమున పనిచేయు మెకానిక్కు ఏ చిట్టాలోను లేడు. కావున అతనిని కాపాడు భారము కొంత అతనిపైనను, కొంత అతనిని పిలిచిన ఇంటివారిపైనను పడుచున్నది.

మెకానిక్కులు పాటింపదగిన పద్ధతులు కష్టమైనవి కావు. పాత సామానులో నారవంటి, అట్టవంటి, దూదివంటి వస్తువు కనబడినచో రాతినార అనియే తలపవలెను. అవునో కాదో కంటితో తేల్చుట అసాధ్యము. ప్రయోగశాలలో సూక్ష్మదర్శినితో చూడవలెను. నోటితో ఊదరాదు, బ్లోయరు పెట్టరాదు, పొడి బ్రష్షుతో తోమరాదు. మొట్టమొదట మెయిన్ ఆపి, కరెంటు లేదని పరీక్షించి నిర్ధారణ చేసికొనవలెను. ఆ తరువాతనే, సబ్బునీరు కొలదిగ చల్లి ముక్కను తడిపి, తడిగుడ్డతో తుడువవలెను. ఈ వరుస తప్పరాదు. కరెంటున్న చోట నీరు చల్లుట రాతినారకన్న త్వరగ ప్రాణము తీయును. నల్లని పాత పలకలో కొత్త రంధ్రములు వేయుటకంటె పలకనంతయు విరువక విప్పి మార్చుట మేలు. ముఖమునకు కట్టిన రుమాలు ఈ పోగులను ఆపదు. ముఖమునకు గట్టిగ అతుకు పి-100 తరగతి వడపోత గల మాస్కు కావలెను. పంఖా ఆపవలెను. శిష్యుని, ఇంటి పిల్లలను దూరముగ నిలుపవలెను. తీసిన ముక్కను, తుడిచిన గుడ్డను తడిగనే రెండు ప్లాస్టిక్ సంచులలో మూటకట్టి, పైన రాతినార అని వ్రాయవలెను. పనిబట్టలను దులుపక, నీటిలో తడిపి, వేరుగ ఉతుకవలెను.

ఇంటివారు చేయదగినది మరింత సులభము. పాత ఇస్త్రీ పెట్టెను, రేడియోను, ఫ్యూజు పెట్టెను పాతసామానువానికి తూకమునకు అమ్మునపుడు, అతడు వాకిటనే సుత్తితో పగులగొట్టి రాగి తీసికొనకుండ చూడవలెను. అధికారపత్రము గల ఎలక్ట్రానిక్ వ్యర్థముల సేకరణదారునకు, లోపల ఏమి యుండవచ్చునో చెప్పి యీయవలెను. పెద్ద కట్టడమును కూల్చువారు, పరిశ్రమలవారు అట్టి వ్యర్థములను ప్రమాదకర వ్యర్థముల కేంద్రమునకు పంపవలెను. నగరమునకు సమీపమున దుండిగల్‌లో అట్టి కేంద్రము కలదు. మెకానిక్కు తడిపి తుడిచెదనన్నచో ఆలస్యమగుచున్నదని తొందరపెట్టరాదు. ఆ పావుగంట అతని ఊపిరికి సంబంధించినది.

ఇక వైద్యుని సంగతి. చాలకాలము ఈ పనిచేసినవారికి ఆయాసము, విడువని దగ్గు, ప్రక్కనొప్పి వచ్చినచో ఛాతీ వైద్యుని చూడవలెను. అమీర్‌పేట, పంజగుట్ట వారికి దూరపు పయనము అక్కరలేదు. పంజగుట్టలో నిమ్స్, ఎర్రగడ్డలో ఛాతీ ఆసుపత్రి, సనత్‌నగరులో కార్మిక బీమా ఆసుపత్రి కలవు. కాని వైద్యుడు అడుగనిదే రోగి చెప్పడు. రోగి చెప్పనిదే వైద్యునకు తోచదు. అయ్యా, నేను ఇన్ని యేండ్లు పాత కరెంటు సామాను విప్పినవాడను అను ఒక్క వాక్యము ముందుగ చెప్పవలెను. ఏ పరీక్ష చేయవలెనో వైద్యునకు ఆ వాక్యము దారి చూపును.

ఆనాడు మేము మెట్లక్రింద ఈ మాటలు క్లుప్తముగ చెప్పగా మెకానిక్కు కొంతసేపు ఊరకుండెను. పిమ్మట తనను గూర్చి ఏమియు అడుగలేదు. శిష్యుని వైపు చూచి, “గీ పోరని సంగతేంది సార్?” అని అడిగెను. సమీపమున ఒక దుకాణములో రెండు రూళ్ల పుస్తకములు కొని వారిద్దరికి ఇచ్చితిమి. ఏ తేదీన, ఏ వీధిలో, ఎన్నేండ్ల నాటి కట్టడమున, ఏ పెట్టె విప్పితిమో దినమునకు ఒక పంక్తి వ్రాసికొనుడని చెప్పితిమి. కోర్టు కర్మాగారములను వ్రాయుమన్న నలుబది యేండ్ల చిట్టా ఇట్టిదే. అది వీరికొరకు వ్రాయువారు లేరు గనుక వీరే వ్రాసికొనవలెను.

శిష్యుడు మొదటి పుటపై ఆనాటి తేదీ వేసెను. మెకానిక్కు మెయిన్ ఆపి, టెస్టరుతో చూచి, తడిగుడ్డ తెమ్మని అతనిని పంపెను.